సేల్ సీజన్‌లో అందానికి పెట్టే ఖర్చు: తిరుపతి వాళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

సేల్ పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది శాతం. ఆ డబ్బా ఎన్ని రోజులు వస్తుంది, రోజుకు ఎంత పడుతుంది అన్నది మాత్రం ఏ పోస్టర్ మీదా ఉండదు. సబ్బు, షాంపూ, క్రీము, సన్‌స్క్రీన్, పార్లర్ అన్నీ కలిపి నెలకు ఐదారు వందలు మించి పెట్టలేని వాళ్లకు ఆ రెండో లెక్కే ముఖ్యం. పద్మావతి మహిళా యూనివర్సిటీ హాస్టల్లో చదువుకునే అమ్మాయి కావచ్చు, గాంధీ రోడ్డులో బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి పనిచేసే అక్క కావచ్చు, ఇంటి ఖర్చులోంచి కొంచెం కొంచెం మిగిల్చుకునే ఇల్లాలు కావచ్చు. ఈ మార్గదర్శి వాళ్ల కోసం.

ధరలు ఎందుకు పెరుగుతున్నాయో కొంచెం తెలిస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. సబ్బుకు ముఖ్యమైన ముడిసరుకు పామాయిల్. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. తర్వాతి నెలల్లో ఆ భారం సబ్బుల ధర మీద పడింది. 2025 మే చివర్లో సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. 2025లో కొబ్బరినూనె ధర ఎలా ఎగబాకిందో తలకు నూనె పెట్టే ప్రతి ఇంటికీ తెలుసు. విదేశీ బ్రాండ్లయితే రూపాయి బలహీనపడినప్పుడల్లా మరింత ప్రియమవుతాయి. ఇవి కాక, ఎమ్మార్పీ అలాగే ఉంచి లోపలి గ్రాములు తగ్గించే పద్ధతి ఒకటుంది. నిన్నటిదాకా 100 గ్రాములు ఉన్న ప్యాకెట్టు 90 గ్రాములు అయితే, ధర 11 శాతం పెరిగినట్టే.

మొదటి అడుగు: ఇంట్లో ఉన్నవన్నీ బయటికి తీయండి

సేల్ మొదలవడానికి రెండు మూడు వారాల ముందే ఈ పని చేయాలి. సేల్ మొదలయ్యాక చేస్తే మనసు అప్పటికే ఫోన్ మీద ఉంటుంది.

బీరువా, బాత్రూమ్ అర, హ్యాండ్‌బ్యాగ్, డ్రెస్సింగ్ టేబుల్ సొరుగు... అన్నిచోట్లా ఉన్నవి ఒక చాప మీద పరవండి. రోజూ వాడేవి ఒక పక్క, ఎప్పుడో ఒకసారి వాడేవి ఒక పక్క, తెరిచి వదిలేసినవి మరో పక్క పెట్టండి. మూడో కుప్ప దగ్గర కాసేపు ఆగండి. అందులో ఎక్కువగా ఏ రకం వస్తువులు ఉన్నాయో చూస్తే మీరు ఎక్కడ డబ్బు పోగొట్టుకుంటున్నారో అర్థమవుతుంది. కొందరికి అవి లిప్‌స్టిక్‌లు, కొందరికి ఫేస్ మాస్కులు, కొందరికి జుట్టు సీరమ్‌లు. ఈ సేల్‌లో ఆ రకం కొనేది లేదని ముందే నిర్ణయించుకోవచ్చు.

తర్వాత ప్రతి డబ్బా వెనక తేదీ చూడండి. దాంతోపాటు మూత తెరిచి ఉన్న చిన్న డబ్బా బొమ్మ, అందులో 6 ఎం, 12 ఎం వంటి గుర్తు ఉంటే గమనించండి. తెరిచిన రోజు నుంచి అన్ని నెలల్లో వాడేయాలని దాని అర్థం. కంటి రెప్పలకు వేసే మస్కారా తెరిచాక మూడు నుంచి ఆరు నెలల్లో పారేయాలి. కంటికి తగిలేది కాబట్టి ఇక్కడ పొదుపు పనికిరాదు. ఇకమీదట ఏది తెరిచినా ఒక చిన్న టేపు ముక్క మీద తేదీ రాసి అడుగున అంటించండి.

వాసన మారినా, నూనె నీళ్లు విడిపోయినా, రంగు తిరిగినా తేదీ మిగిలి ఉన్నా వాడకూడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో రేకుల షెడ్డు గదిలోనో, స్కూటీ డిక్కీలోనో పెట్టిన క్రీము దాని మీద రాసిన తేదీ దాకా నిలుస్తుందని నమ్మకం లేదు.

రెండో అడుగు: ఏది ఎన్ని రోజులు వస్తుందో రాసుకోండి

మొత్తం పద్ధతికి గుండెకాయ ఈ అడుగే. ఒక నోటు పుస్తకంలో వస్తువు పేరు, బరువు, కొన్న ధర, తెరిచిన రోజు, అయిపోయిన రోజు రాయండి. ఒక్కసారి అయిపోయేదాకా రాస్తే చాలు, ఆ తర్వాత లెక్క మీ చేతిలో ఉంటుంది.

సన్‌స్క్రీన్ ఉదాహరణ తీసుకుందాం. చాలామంది బఠాణీ గింజంత రాసి సరిపెడతారు. అది సరిపోదు. ముఖానికీ మెడకూ కలిపి చూపుడు వేలు, మధ్య వేలు మీద పొడుగునా గీత గీసినంత కావాలి. అంటే సుమారు ఒక గ్రాము పైనే. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు, రోజుకు ఒకసారి రాస్తే, 40 నుంచి 50 రోజులు వస్తుంది. ఏడాదికి ఎనిమిది ట్యూబులు. ట్యూబు 400 రూపాయలైతే ఏడాదికి 3,200. దాన్ని 30 శాతం తగ్గింపులో కొంటే 960 రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు లిప్‌స్టిక్ చూడండి. 600 రూపాయలది సగం ధరకు వస్తే 300 ఆదా అని ఉంటుంది. కానీ ఒక్క లిప్‌స్టిక్ రోజూ వేసుకున్నా నెలల తరబడి వస్తుంది. ఇంట్లో ఇప్పటికే నాలుగు ఉంటే ఆ 300 ఆదా కాదు, 300 ఖర్చు. సేల్ డబ్బు పెట్టాల్సింది త్వరగా అయిపోయే, తప్పనిసరిగా మళ్లీ కొనే వస్తువుల మీద. సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్, షాంపూ, శానిటరీ ప్యాడ్లు, డియోడరెంట్ వంటివి. మనకు మాత్రం సేల్‌లో మొదట కనబడేవి పాలెట్లు, గిఫ్ట్ సెట్లు.

సీరమ్‌ల దగ్గర తిరకాసు ఇంకో రకం. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. రోజుకు ఐదు చుక్కలు వేసుకుంటే 15 మిల్లీలీటర్ల సీసా రెండు నెలలు, 30 మిల్లీలీటర్లది నాలుగు నెలలు వస్తుంది. విటమిన్ సి సీరమ్ గాలి తగిలితే పాడవుతుంది, పసుపు దాటి గోధుమ రంగులోకి తిరుగుతుంది. తెరిచాక రెండు మూడు నెలలకు మించి దాని మీద ఆశ పెట్టుకోలేం. కాబట్టి పెద్ద సీసా మిల్లీలీటరు లెక్కన చవకే అయినా చివరి భాగం పారబోయాల్సి వస్తుంది. ఇక్కడ చిన్న సీసాయే లాభం.

షాంపూలో లెక్క తిరగబడుతుంది. చాలా బ్రాండ్లలో బాటిల్ కన్నా రూపాయి, రెండు రూపాయల సాచెట్‌లోనే మిల్లీలీటరు చవక. సేల్‌లో బాటిల్ సగం ధరకు వచ్చినా ఒకసారి సాచెట్‌తో పోల్చి చూడండి. షాంపూను సాచెట్‌లో ఇంటింటికీ చేర్చిన కంపెనీల్లో ఒకటి, 1983లో మన పక్క రాష్ట్రంలోని కడలూరులో మొదలైంది. అప్పటి నుంచి మన అంగళ్లలో వేలాడే ఆ దండలు పేదింటి బడ్జెట్‌కు పెద్ద ఆసరా. ప్లాస్టిక్ చెత్త పెరుగుతుందన్న బాధ నాకూ ఉంది. అందుకే ఇంట్లో నలుగురు ఉంటే బాటిల్, ఒక్కరే ఉంటే సాచెట్ అని నా అభిప్రాయం.

మూడో అడుగు: పన్ను దేనికి తగ్గింది, దేనికి తగ్గలేదు

2025 సెప్టెంబర్ 22 నుంచి తలనూనె, షాంపూ, సబ్బు బిళ్ల, టూత్‌పేస్టు, టాల్కమ్ పౌడర్, ఫేస్ పౌడర్, షేవింగ్ క్రీమ్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. కుంకుమ, బొట్టుబిళ్లల మీద పన్నే లేదు. లిప్‌స్టిక్, ముఖానికి రాసే క్రీములు, సన్‌స్క్రీన్ మాత్రం 18 శాతంలోనే ఉన్నాయి.

పన్ను 18 నుంచి 5కు వస్తే ధర 13 శాతం తగ్గుతుందని అనుకుంటారు. అసలు ధర 100 అనుకుంటే 118 ఉన్నది 105 అవుతుంది. అంటే తగ్గేది 11 శాతం. పాత 200 రూపాయల షాంపూ 178 దగ్గరకు రావాలి. షాంపూ మీద “పది శాతం తగ్గింపు” అని రాసి ఉంటే, అది ఏ ఎమ్మార్పీ మీద తగ్గింపో చూడండి. పాత ఎమ్మార్పీ మీద అయితే పన్ను తగ్గినంత కూడా ఇవ్వడం లేదన్నమాట.

ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద జీఎస్టీ అని వేరేగా కలపడానికి లేదు. ఎమ్మార్పీతో పాటు ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. అక్షరాలు చిన్నవే, అయినా వెతకండి. రెండు కంపెనీల క్రీములు పోల్చడానికి అంతకంటే తేలిక దారి లేదు.

నాలుగో అడుగు: ఏ నెలలో ఏది

ఏడాదంతా ఏదో ఒక సేల్ నడుస్తూనే ఉంటుంది. అందుకే “ఇది పోతే మళ్లీ రాదు” అన్న టెన్షన్ అక్కర్లేదు. నాలుగు నెలలకు ఒకసారి చొప్పున ఏడాదికి మూడు పెద్ద కొనుగోళ్లు పెట్టుకుంటే చాలు. నెలకు 600 బడ్జెట్ అనుకుందాం. అందులో 350 నెలవారీ అవసరాలకు పోగా 250 పక్కన పెడితే నాలుగు నెలలకు వెయ్యి రూపాయలు చేతిలో ఉంటాయి. అదే మీ సేల్ డబ్బు. అది అయిపోతే ఆ సేల్ అయిపోయినట్టే.

జనవరిలో సంక్రాంతికీ రిపబ్లిక్ డేకీ వచ్చే ఆఫర్లలో సన్‌స్క్రీన్ కొనిపెట్టుకోండి. మార్చిలో ఎండ ముదిరాక అందరూ దాని కోసమే వెతుకుతారు. ఎస్పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. అది 30 అయితే చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతం, 50 అయితే 98 శాతం ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టే బదులు 30 ఉన్నదే సరిపడా రాసుకోవడం మేలు. కొండకు నడిచి వెళ్లేవాళ్లు, అలిపిరి మెట్ల మీద చెమట పట్టినప్పుడు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. తలనీలాలు ఇచ్చి వచ్చిన వాళ్లకు గుండు మీద గంధం చల్లగా ఉంటుంది కానీ ఎండను ఆపదు. టోపీయో కండువాయో తప్పనిసరి. దానికి క్రీముతో పనిలేదు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఇది సేల్ కాదు, అయినా ఆ వారం రోజుల్లో ఫ్యాన్సీ సామాన్ల మీద మన ఊళ్లో చాలా ఇళ్లలో ఖర్చవుతుంది. బైరాగి వేషానికి తెల్ల పూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు... ఒళ్లంతా పూసుకుంటారు. మగవాళ్లు చీర కట్టి, సవరం పెట్టి, పెదవులకు రంగు వేసి మొక్కు తీర్చుకుంటారు. పూతకు ముందు ఒంటికి పలచగా కొబ్బరినూనె రాస్తే రంగు చర్మంలోకి పట్టదు. తర్వాత మళ్లీ నూనెతో తుడిచి, మామూలు సబ్బుతో కడిగితే పోతుంది. దీనికోసం ఖరీదైన మేకప్ రిమూవర్ కొనక్కర్లేదు. ఒకే లిప్‌స్టిక్‌ను పదిమందీ పంచుకోవద్దు. ఒకరి నోటి పుండు ఇంకొకరికి అంటుకుంటుంది. జాతరకు ముందే తెలుగు రాష్ట్రాల సినిమా మేకప్ వాళ్లు వాడేలాంటి పెద్ద కిట్లు కొనేవాళ్లున్నారు. ఒక్క వారం వేషానికి అది దండగ.

ఆషాఢంలో బట్టల షాపుల నుంచి ఫ్యాన్సీ స్టోర్ల దాకా బోర్డులు మారతాయి. ఆన్‌లైన్‌లో మింత్రా పెద్ద సేల్ సాధారణంగా జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి వస్తుంది. నైకా జూలైలో ఒకటి పెడుతుంది. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర కాబట్టి తమిళుల ఆడి తళ్లుబడి (ఆడి మాసంలో పెట్టే తగ్గింపు అమ్మకం) కూడా అందుబాటులో ఉంటుంది. బస్సు ఛార్జీ, తిండి కలిపి చూసుకుని, పెళ్లి సామాన్ల వంటి పెద్ద కొనుగోలు ఉంటేనే వెళ్లండి. ఈ నెలలో మాత్రం డబ్బు పెట్టకుండా దొరికే గొప్ప సింగారం గోరింటాకు. చెట్టు ఆకు రుబ్బి పెట్టుకుంటే చాలు. పది నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్‌లలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలిపే అవకాశం ఉంది. బొబ్బలెక్కితే మచ్చలు చాలాకాలం ఉంటాయి.

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో శ్రీవారి బ్రహ్మోత్సవాలు, దసరా వచ్చే రోజుల్లోనే ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ పెద్ద సేల్స్ పెడతాయి. 2025లో రెండూ సెప్టెంబర్ 23న మొదలయ్యాయి. షాంపూ, ప్యాడ్లు, నూనె వంటి బరువు సామాన్లకు ఇది మంచి సమయం. నవంబర్‌లో నైకా పింక్ ఫ్రైడే సేల్ మేకప్ కొనేవాళ్లకు పనికొస్తుంది. తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, కార్తీక మాసం చలి, వానలు అప్పుడే కాబట్టి మాయిశ్చరైజర్, పెదవుల బామ్ కూడా అప్పుడే తీసుకోండి.

ఐదో అడుగు: ఆఫర్‌ను రూపాయల్లోకి మార్చండి

సేల్‌కు మూడు నాలుగు వారాల ముందు మీ జాబితాలోని వస్తువులను విష్‌లిస్ట్‌లో వేసి, ధర కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసిపెట్టండి. సేల్ రోజున “60 శాతం తగ్గింపు” అని ఉన్నది నెల క్రితం కూడా అదే ధరకు దొరికిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

“50 శాతం, పైన ఇంకో 20 శాతం” అంటే 70 కాదు. వెయ్యి రూపాయలది ఐదు వందలు అవుతుంది, ఆ ఐదు వందల్లో 20 శాతం అంటే వంద. కట్టేది 400. మొత్తం తగ్గింపు 60 శాతం.

“రెండు కొంటే ఒకటి ఉచితం” అంటే, మూడూ ఒకే ధరవి అయితే, 33 శాతం తగ్గింపు. వేర్వేరు ధరలవి కలిపితే ఉచితంగా వచ్చేది అన్నింటిలోకీ చవకదే. అప్పుడు తగ్గింపు ఇంకా తక్కువ. ఈ ఆఫర్‌ను అక్కాచెల్లెళ్లు, రూమ్‌మేట్లు కలిసి వాడుకుంటే లాభం. ముగ్గురూ తలా ఒక సన్‌స్క్రీన్ తీసుకుని ఖర్చు పంచుకుంటే ఎవరి ఇంట్లోనూ సరుకు పేరుకుపోదు.

ఎక్కువ తగ్గింపు ఉన్నదే చవక అనుకోకండి. 50 గ్రాముల క్రీము ఎమ్మార్పీ 500, సేల్‌లో 250 అంటే గ్రాము 5 రూపాయలు. పక్కనే 100 గ్రాముల క్రీము ఏ తగ్గింపూ లేకుండా 300 అంటే గ్రాము 3 రూపాయలు. ఇంకో కిటుకు, ఉచిత డెలివరీ కోసం కార్ట్‌ను 499కు పెంచడం. 40 రూపాయల డెలివరీ తప్పించుకోవడానికి 150 పెట్టి అక్కర్లేని నెయిల్ పాలిష్ కొంటే 110 నష్టం. అలాంటప్పుడు పక్కింటి వాళ్లకు కావాల్సింది కూడా అదే ఆర్డర్‌లో పెట్టండి.

బ్యాంకు కార్డు మీద పది శాతం అంటే దానికి గరిష్ఠ పరిమితి ఎంతో, కనీసం ఎంత కొనాలో చదవండి. సౌందర్య సామాన్లకు ఈఎంఐ పెట్టొద్దని గట్టిగా చెబుతాను. వడ్డీ లేదని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పడే వీలుంది. క్రీము అయిపోయాక కూడా దాని వాయిదా కట్టడం ఏ బడ్జెట్‌కూ మంచిది కాదు.

“ఇంకా రెండే మిగిలాయి”, “పది నిమిషాల్లో ముగుస్తుంది” అని తిరిగే గడియారాలకు కంగారు పడొద్దు. ఇలా అబద్ధపు తొందర పెట్టడం, అడగకుండా కార్ట్‌లో వస్తువు చేర్చడం, చివరి పేజీలో కొత్త ఛార్జీలు బయటపెట్టడం వంటి 13 రకాల మోసపు పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించింది. డబ్బు కట్టే ముందు చివరి పేజీని పైనుంచి కిందికి ఒకసారి చదివితే ఇలాంటివి దొరికిపోతాయి.

ఆరో అడుగు: అంగట్లో చూడాల్సినవి

గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు చుట్టుపక్కల అంగళ్లలో కొనడంలో ఒక మేలుంది. సరుకు చేతిలోకి తీసుకుని చూడొచ్చు, బేరమాడొచ్చు. బొట్టుబిళ్లలు, క్లిప్పులు, గాజులు, దూది, రబ్బరు బ్యాండ్ల వంటివి ఆన్‌లైన్‌లో కన్నా అక్కడ కట్టలుగా తీసుకుంటేనే గిట్టుబాటు. రద్దీ రోజుల్లో, సాయంత్రాల్లో కాకుండా పొద్దున అంగడి తెరిచిన కాసేపటికి వెళితే అంగడి వాళ్లకూ మాట్లాడే తీరిక ఉంటుంది. పెద్ద ఆఫర్ పెట్టిన బుట్టలో ఉన్నవి గడువు దగ్గరపడిన సరుకు కావచ్చు. అది తప్పేమీ కాదు. రెండు నెలల్లో అయిపోయే ఫేస్ వాష్‌కు నాలుగు నెలల గడువు ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. ఏడాది పాటు వాడే కాంపాక్ట్‌కు అదే గడువు అయితే వద్దు.

లేబుల్ మీద తయారుచేసిన వాళ్ల పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్న వాళ్ల పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎమ్మార్పీ మీద మరో స్టిక్కర్ అంటించి ఎక్కువ ధర వేసి ఉంటే పక్కన పెట్టేయండి. రెండు వేల రూపాయల లిప్‌స్టిక్ రోడ్డు పక్కన 150కి దొరికితే అది నకిలీ అనే అనుకోవాలి.

తెల్లబరుస్తామని చెప్పే, లేబుల్ సరిగా లేని క్రీముల జోలికి అసలు వెళ్లకండి. అలాంటి వాటిలో పాదరసం ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట మెరుపు తెచ్చి, తర్వాత చర్మాన్ని పలచబరిచి, మొటిమలతో ఎర్రగా మారుస్తాయి. పెళ్లికూతుళ్ల ముఖాలు ఇలా పాడవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మన రంగు మనకు లోపం కాదు. ఆ డబ్బు సన్‌స్క్రీన్‌కు పెట్టండి.

ఏడో అడుగు: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

ఫేస్ వాష్ ముఖం మీద ఉండేది ఒక్క నిమిషం. అందులో ఖరీదైన విటమిన్లకు డబ్బు పెట్టడం వృథా. టోనర్, షీట్ మాస్కు, స్క్రబ్ లేకపోయినా చర్మానికి లోటేమీ రాదు. పెసరపిండి, కొంచెం కస్తూరి పసుపు, బావంచాలు, కచ్చూరాలు కలిపి ఆడించిన సున్నిపిండి వారానికి ఒకటి రెండుసార్లు ఒంటికి చాలు. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టుకునే ఓపిక ఉంటే షాంపూ ఖర్చు సగానికి తగ్గుతుంది. పులుసు కంట్లో పడకుండా చూసుకోండి. వంటింట్లోది ప్రతిదీ ముఖానికి మంచిదే అనుకోవద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి.

సన్‌స్క్రీన్, కంటికి పెట్టేవి, జుట్టు రంగు... ఈ మూడింట్లో మాత్రం నమ్మకమైన సరుకే కొనండి. జుట్టు రంగు ఆఫర్‌లో వచ్చిందని బ్రాండ్ మారిస్తే వాడడానికి 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి దురద, మంట రావడం లేదని చూడాలి. మొటిమలు, మంగు తగ్గడం లేదంటే క్రీము మీద క్రీము మార్చే బదులు చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. రుయా ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి అక్కడ ఓపీలో చూపించుకుంటే ఫీజు భారం ఉండదు. ఒక్క సరైన మందు పది సీరమ్‌ల ఖర్చు తప్పిస్తుంది.

పార్లర్ గురించి కూడా రెండు మాటలు. సెలూన్, పార్లర్ సేవల మీద కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న పార్లర్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేని వాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. పెళ్లి మేకప్ అయితే ముహూర్తాల నెలలో అడిగితే రేటు కొండెక్కి కూర్చుంటుంది. ఆషాఢంలో, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అప్పుడే మాట్లాడి, ట్రయల్, చీర కట్టడం, జడ, తిరుమలకో తిరుచానూరుకో రావడానికి ప్రయాణ ఖర్చు అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆరు ఫేషియల్‌ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. ఒకటి చేయించుకుని, చర్మానికి పడిందో లేదో చూశాకే మిగతా మాట.

ఎనిమిదో అడుగు: కొన్నాక

తెచ్చినవన్నీ ఒకేసారి తెరవకండి. గడువు ముందుగా తీరేది ముందు వాడండి. మిగతావి కిటికీ ఎండ పడని, పొయ్యికి దూరంగా ఉన్న చల్లని అరలో పెట్టండి. బాత్రూమ్ తేమలో క్రీములు, పౌడర్లు త్వరగా చెడతాయి. ట్యూబు అయిపోయిందనిపించినప్పుడు కత్తెరతో మధ్యకు కోసి చూడండి. ఇంకా చాలా రోజులకు సరిపడా లోపలే అంటుకుని ఉంటుంది. కోసిన ట్యూబును చిన్న మూత డబ్బాలో పెడితే ఆరిపోదు.

ఆన్‌లైన్ పార్సిల్ అయితే తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. సీలు, గడువు తేదీ, బ్యాచ్ నంబరు వీడియోలో కనబడాలి. సౌందర్య సామాన్లు ఒకసారి సీలు తీస్తే చాలాచోట్ల వెనక్కి తీసుకోరు కాబట్టి, షేడ్ సరైనదేనా అని పెట్టె మీద చూశాకే సీలు తీయండి. పగిలినది, గడువు దాటినది, మరొకటి వస్తే అదే రోజు యాప్‌లో ఫిర్యాదు పెట్టి ఆ నంబరు రాసుకోండి. అంగట్లో ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకున్నా, ఆన్‌లైన్ వాళ్లు జవాబు చెప్పకపోయినా బిల్లు, ఫొటోలు, ఆర్డర్ నంబరు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.